కూత ఆగింది, నోటీసు ఆగలేదు

ఒక పాఠకురాలి నుంచి వచ్చిన సుదీర్ఘ లేఖ ఇది. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు. ఊరి పేరైతే నాకు కూడా చెప్పలేదు. లేఖ సారాంశం:

పట్టణం అంచున సొంత ఇల్లు, వెనుక కాస్త పెరడు. ఆరేళ్ల క్రితం కొన్నప్పుడే పెరట్లో పాత కోళ్ల గూడు ఉంది. ఇల్లు అమ్మినవారు ఏళ్ల తరబడి కోళ్లు పెంచారట. అప్పటికి ఆ ప్రాంతం పట్టణ పరిధిలో లేదు, నాలుగేళ్ల క్రితం కలిపారు. నిరుడు పన్నెండేళ్ల కొడుకు పట్టుబట్టడంతో ఏడు కోడిపిల్లలను తెచ్చి ఆ గూటినే బాగుచేసి అందులో పెట్టారు. ఆరు పెట్టలయ్యాయి. ఏడోది పుంజని కూత మొదలయ్యాకే తెలిసింది. పక్కింట్లో ఉద్యోగ విరమణ చేసిన పెద్దాయన ఉంటారు. ఆయన ఒకసారి గోడ మీదుగా, మరోసారి గేటు దాకా వచ్చి నిద్ర పట్టడం లేదని చెప్పారు. వీరు రాత్రిపూట గూటికి దుప్పట్లు కప్పి చూశారు, ఫలితం లేదు. మూడు నెలల తరువాత పుంజును తోట ఉన్న బంధువులకు ఇచ్చేశారు. ఇచ్చిన వారానికే తనిఖీ అధికారి వచ్చారు, ఆ వెంటనే నోటీసు: నివాస ప్రాంతంలో పశుపక్ష్యాదులను ఉంచడం జోనింగ్ నిబంధనలకు (ఏ ప్రాంతంలో ఏ పనికి అనుమతి ఉందో చెప్పేవి) విరుద్ధం, 30 రోజుల్లో తొలగించాలి, లేకపోతే రోజుకింత జరిమానా.

శబ్దమే సమస్య అయితే అది పోయింది కదా అని ఆమె ప్రశ్న. అదే వీధిలో మరో మూడిళ్లలో కోళ్లున్నాయి, రాత్రంతా మొరిగే కుక్కలున్నాయి, చట్టం మాకొక్కరికేనా అంటారు. ఫ్రాన్స్‌లో మోరిస్ అనే పుంజు కోర్టులో గెలిచిందని విన్నారు, మేమెందుకు గెలవలేం అంటున్నారు. భర్త మాత్రం ఆరు కోళ్ల కోసం కార్యాలయాల చుట్టూ తిరగలేనని, ఎవరికైనా ఇచ్చేద్దామని అంటున్నారు. ఇదివరకు సాయంత్రాలు పెద్దాయనతో చదరంగం ఆడే కొడుకు ఇప్పుడు ఆయన ఎదురైతే ముఖం తిప్పుకుంటున్నాడు. ఆమె ముందు రెండు ఆలోచనలున్నాయి. ఆ మూడిళ్ల ఫొటోలు జతచేసి నోటీసుకు ఘాటుగా జవాబివ్వడం ఒకటి. తనిఖీ రోజున పెట్టలను చెల్లెలింట్లో దాచి, తరువాత తెచ్చుకోవడం రెండోది. ఏది మంచిదని అడుగుతున్నారు. గడువులో సగం దాకా గడిచిపోయింది.

అమ్మా, మీ లేఖలో నాలుగు పేజీల కోపం ఉంది, నోటీసులో ఉదహరించిన నిబంధన సంఖ్య మాత్రం ఒక్కచోటా లేదు. కోపం న్యాయమైనదే కావచ్చు, కానీ ముందు కావలసింది ఆ సంఖ్య. ఊరు తెలియదు కాబట్టి ఇలాంటి నిబంధనలు చాలాచోట్ల ఎలా నడుస్తాయో చెబుతాను. మీ ఊరి నిబంధన వేరుగా ఉంటే అదే చెల్లుతుంది.

మీరు రెండు తగాదాలను కలిపి ఒకటిగా చూస్తున్నారు. ఒకటి మీకూ పెద్దాయనకూ మధ్య కూత గురించి వచ్చింది. రెండోది మీ స్థలానికీ పురపాలక సంఘానికీ మధ్య. రెండోదాన్ని లేపింది మొదటిదే అయినా, ఇప్పుడు దాని దారి దానిది. పుంజును పంపేయడంతో మొదటిది చాలావరకు తీరింది. ఎవరికైనా ఇబ్బంది కలిగిందా అని రెండోది అడగదు. ఈ స్థలంలో ఈ పనికి అనుమతి ఉందా అని మాత్రమే అడుగుతుంది. జోనింగ్ అన్న ఆలోచన స్వభావమే అది. 1926లో అమెరికా సుప్రీంకోర్టు యూక్లిడ్ అనే గ్రామం కేసులో జోనింగ్‌ను సమర్థిస్తూ, మంచి వస్తువైనా కానిచోట ఉంటే బెడదే కావచ్చునంది. దొడ్లో ఉండవలసిన పంది ముందుగదిలో ఉండటంతో దాన్ని పోల్చింది. ఆ పంది బుద్ధిమంతురాలా కాదా అన్నది అక్కడ చర్చే కాదు. మీ పెట్టలు ఎంత నెమ్మదస్తులో వివరిస్తూ మీరు రాసిన పేజీ నాకు నచ్చింది. అధికారికి కూడా నచ్చుతుందేమో, కానీ దాన్ని చూసి ఆయన నోటీసు వెనక్కి తీసుకోరు.

మోరిస్ గెలుపు మీకు అక్కరకు రాకపోవడానికీ ఇదే కారణం. ఒలెరాన్ ద్వీపంలోని ఆ పుంజు మీద దావా పడింది కూత గురించి. అక్కడ పుంజును ఉంచకూడదనే నిబంధన గురించి కాదు. 2019 సెప్టెంబరులో రోష్‌ఫోర్ కోర్టు ఫిర్యాదుదారుల వాదనను తోసిపుచ్చింది. 2021 జనవరిలో ఫ్రాన్స్ ఇంకో అడుగు వేసి పల్లెల శబ్దాలకు, వాసనలకు వారసత్వంగా గుర్తింపునిస్తూ చట్టం చేసింది. అక్కడ నెగ్గింది పల్లె వాతావరణం. మీ ప్రాంతాన్ని పట్టణంలో కలిపి నాలుగేళ్లయింది. మీరు మోరిస్ పేరెత్తితే అది పల్లె, ఇది పట్టణం అని అవతలివారు ఒక్క మాటతో దాన్ని మీ మీదికే తిప్పుతారు.

కాబట్టి నిబంధన పూర్తి పాఠం తెప్పించుకోండి. నోటీసులో రాసిన ఒక్క వాక్యం చాలదు. కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి, అడిగినట్టు రసీదు తీసుకోండి. పాఠం చేతికి వచ్చాక నిషేధాల దగ్గరికి వెళ్లకుండా నిర్వచనాల భాగం తెరవండి. ఎవరూ ఓపిగ్గా చదవని ఆ భాగంలోనే సగం కేసులు తేలిపోతాయి. పశువులు అంటే ఏమేమిటో అక్కడ పేర్లు పెట్టి రాశారా? ఆ పేర్లలో కోళ్లున్నాయా? పెంపుడు జంతువులకు వేరే నిర్వచనం ఉందా? అమ్మకం కోసం పెంచడాన్ని, ఇంటి కోసం పెంచడాన్ని విడదీశారా? కొన్నిచోట్ల కోళ్లను పూర్తిగా నిషేధిస్తారు. కొన్నిచోట్ల పుంజు లేకుండా కొన్ని పెట్టలకు అనుమతిస్తారు, గూడు మాత్రం సరిహద్దుకో పొరుగింటి గోడకో ఇంత దూరంలో ఉండాలంటారు. ఆ దూరాన్ని ఎక్కడి నుంచి కొలవాలన్నది కూడా చూడండి. సరిహద్దు గోడ నుంచి కొలిస్తే తప్పయ్యే గూడు, పొరుగింటి కిటికీ నుంచి కొలిస్తే ఒప్పు కావచ్చు. అలాంటప్పుడు గూటిని కాస్త జరిపితే వివాదమే ఉండదు, కార్యాలయాల చుట్టూ తిరిగే బాధ మీవారికీ తప్పుతుంది.

అదే కూర్చున్నప్పుడు ఇంటి కొనుగోలు పత్రాలు కూడా తీసి చదవండి. ఇళ్ల సముదాయం వారు పెట్టిన షరతులేమైనా ఉంటే అవి పురపాలక నిబంధనలకు అదనం. పురపాలక సంఘం సరేనన్నా ఆ షరతు మీ చేతులు కట్టేయవచ్చు. రెండో తాళం ఉందో లేదో చూసుకోకుండా మొదటి తాళం మీద డబ్బూ నెలలూ ఖర్చుపెట్టకండి.

నిర్వచనంలో కోళ్ల మాట లేకపోయినా, అస్పష్టంగా ఉన్నా, అప్పీలుకు వెళ్లవచ్చు. నిబంధన మంచిదా చెడ్డదా అని అక్కడ వాదించనక్కరలేదు. మా ఆరు పెట్టలు ఈ మాట కిందికి రావు అని చూపించాలి, అంతే. ఇక్కడ ఒక చిక్కుంది. తొలగించడానికి ఇచ్చిన గడువు వేరు, అప్పీలుకు ఉన్న గడువు వేరు. రెండోది తక్కువగా ఉండవచ్చు. అది దాటిందంటే మీ వాదన ఎంత గట్టిదైనా వినేవారు ఉండరు. అప్పీలు వేస్తే తీర్పు వచ్చేదాకా జరిమానా ఆగుతుందా అని కూడా రాతపూర్వకంగా అడగండి. చాలాచోట్ల ఆగుతుంది, కానీ ఆగుతుందనుకుని కూర్చోవద్దు. ఇంకొకటి కూడా ముందే తెలుసుకోండి. మీరు ఓడిపోతే కోళ్లూ పశువుల కిందికే వస్తాయన్న తీర్పు కాగితం మీదికి ఎక్కుతుంది. ఇంతకాలం అస్పష్టత చాటున నడిచినవాళ్లందరికీ ఆ చాటు పోతుంది.

మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన ఒక వాక్యం నన్ను ఆపింది. పాత కోళ్ల గూడు. నిబంధన రాకముందు నుంచే చట్టబద్ధంగా సాగుతున్న వాడకాన్ని చాలాచోట్ల కొనసాగనిస్తారు. పట్టణంలో కలపకముందే ఆ పెరట్లో కోళ్లున్నాయని పాత ఫొటోలు, అమ్మినవారి వాంగ్మూలం చూపిస్తే ఈ వాదనకు ప్రాణం వస్తుంది. అయితే మీ విషయంలో పెద్ద ఖాళీ ఉంది. అమ్మినవారు వెళ్లిపోయాక, మీరు కోడిపిల్లలను తెచ్చేలోగా చాలా ఏళ్లు ఆ గూడు ఉత్తదిగానే ఉంది. కొంతకాలం ఆగిపోయిన వాడకానికి ఈ హక్కు పోతుందని సాధారణంగా నిబంధనల్లోనే రాసి ఉంటుంది. నాకు ఈ దారి మీద పెద్ద ఆశ లేదు. అయినా ఎంతకాలం ఆగితే హక్కు పోతుందని మీ ఊరి పాఠంలో ఉందో చూడండి, చూడటానికి ఖర్చేమీ లేదు కదా.

ఇక మినహాయింపు. ఇందులో రెండు రకాలున్నాయి, మనుషులు వీటిని తరచూ కలిపేస్తారు. మొదటిదానికి మీ స్థలంలోనే ఏదో ప్రత్యేకమైన ఇబ్బంది ఉందని చూపాలి. ఆకారం వంకరగా ఉంది, ఏటవాలుగా ఉంది, అందుకే నిబంధన ప్రకారం దూరం వదలలేకపోతున్నాం అన్నట్టు. బాబుకు కోళ్లంటే ప్రాణం అన్నది అక్కడ లెక్కలోకి రాదు. అది కుటుంబం సంగతి, స్థలం సంగతి కాదు. రెండోది షరతులతో ఇచ్చే ప్రత్యేక అనుమతి. మీ ఊళ్లో ఇది ఉంటే మీకు సరిపోయేది ఇదేనని నాకనిపిస్తోంది. దీనికి సాధారణంగా విచారణ జరుపుతారు, చుట్టుపక్కలవారికి కబురు పంపుతారు, అభ్యంతరాలు అడుగుతారు. అక్కడ అందరికంటే బరువైన మాట ఎవరిదో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఆ పెద్దాయన గురించి ఇప్పుడు మాట్లాడుకుందాం. మీ లేఖలో ఆయన ఫిర్యాదు చేసిన మనిషిగానే కనిపిస్తారు. రెండుసార్లు నోటితో చెప్పిన మనిషి కూడా ఆయనే. మూడు నెలలే కదా అని మీరు రాశారు. దగ్గరగా వింటే పుంజు కూత 100 డెసిబెల్స్ దాటగలదు, అదీ తెల్లవారకముందే. దుప్పట్లు ఎందుకు పనిచేయలేదో కూడా చెబుతాను. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఎప్పుడూ ఒకేలా మసక వెలుతురులో ఉంచినా పుంజులు తమ వేళకే కూశాయి. అవి వెలుతురును చూసి మాత్రమే కూయవు, లోపలి గడియారాన్ని బట్టి కూస్తాయి. మీరు కప్పిన దుప్పటి ఆ గడియారాన్ని ఆపలేదు. మీరు ప్రయత్నించారన్న సంగతి ఆయనకు తెలియదు, ఆయనకు తెలిసింది మర్నాడూ కూత వినిపించిందనే. పుంజు వెళ్లిపోయిందని మీరు స్వయంగా వెళ్లి చెప్పినట్టు లేఖలో ఎక్కడా లేదు. కూత ఆగిందని ఆయనే గమనించుకోవాలని వదిలేశారేమో.

వెళ్లి చెప్పండి. నోటీసు ఊసెత్తకుండా మొదలుపెట్టండి. ఆ మూడు నెలలు ఇబ్బంది పడ్డారు, ఇక పుంజు రాదు అనండి. తరువాత ఒక్క ప్రశ్న అడగండి: పెట్టల వల్ల ఇంకేమైనా ఇబ్బంది ఉందా? వాసన అనవచ్చు, ఎలుకలు అనవచ్చు, ఈగలు అనవచ్చు. అన్నీ సరిచేయదగ్గవే. గూట్లో పరిచిన పొట్టు తడిసిపోతేనే రెట్ట ఘాటు వాసన కొడుతుంది, పొడిగా ఉంచి తరచూ మారిస్తే తగ్గుతుంది. ఎలుకలు కోళ్ల కోసం కాదు, రాత్రి నేల మీద మిగిలే దాణా కోసం వస్తాయి. సాయంత్రం దాణా గిన్నెలు లోపల పెట్టి, బస్తాను మూత ఉన్న రేకు డబ్బాలోకి మార్చండి. పెట్ట గుడ్డు పెట్టాక చేసే గోల కాసేపే, అదీ పగటిపూట, మనుషులు మాట్లాడుకునేంత శబ్దం. ఇవన్నీ చేసి తేదీలతో ఫొటోలు తీసి ఉంచుకోండి, విచారణలో పనికొస్తాయి. ఆయన మెత్తబడతారని నేను హామీ ఇవ్వలేను. మెత్తబడకపోయినా, విచారణలో ఆయన ఏమంటారో మీకు ముందే తెలుస్తుంది. ఒకవేళ అభ్యంతరం లేదని రెండు వాక్యాలు రాసిచ్చారంటే ఏ న్యాయవాది చేయలేని సాయం ఆయన చేసినట్టే.

ఇప్పుడు మీ రెండు ఆలోచనలు. మూడిళ్ల ఫొటోలు పంపే పని వద్దు. వాళ్లూ తప్పు చేస్తున్నారన్నది మీ తప్పుకు జవాబు కాదు, నోటీసులు ఒకటి కాస్తా నాలుగవుతాయి. అంతకంటే ముఖ్యమైన సంగతి, ఆ మూడిళ్లే మీ బలగం. నిబంధన స్పష్టంగా కోళ్లను నిషేధిస్తుంటే, అప్పీలుతో పనిలేదు, నిబంధనే మారాలి. ఒక్క ఇంటివారు వెళ్లి అడిగితే అది సొంత గోల. నాలుగిళ్లవారు కలిసి వెళితే అర్జీ అవుతుంది. అర్జీలో ఆంక్షలు మీరే ప్రతిపాదించండి: పుంజులు వద్దు, పెట్టల సంఖ్యకు పరిమితి, గూటికి కనీస దూరం, పెరట్లో కోయడం నిషేధం, ఏటా అనుమతి, నమోదు. నమోదు మాట తప్పకుండా చేర్చండి. బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు కోళ్లు ఎక్కడెక్కడున్నాయో తెలియడం అధికారులకు అవసరం. ఇంగ్లండ్‌లో 2024 అక్టోబరు 1 నుంచి ఇంట్లో ఒక్క కోడి ఉన్నా నమోదు చేయించాలి. ముసలి పెట్టలను ఏం చేస్తారని కూడా అడుగుతారు. గుడ్లు రెండు మూడేళ్ల తరువాత తగ్గుతూ పోతాయి, పెట్టలు మాత్రం అంతకు రెండింతల కాలం బతుకుతాయి. దానికీ జవాబు సిద్ధం చేసుకోండి. ఈ దారి నెమ్మదిది. నెలలు పట్టవచ్చు, ఏడాది దాటవచ్చు, ఈ నోటీసును అది ఆపదు. ఈలోగా పెట్టలు మరోచోట ఉండవలసి రావచ్చు.

దాచే ఆలోచన మరీ నచ్చలేదు. గూడుంటుంది, రెట్ట ఉంటుంది, దాణా ఉంటుంది, కోళ్లు మాత్రం ఉండవు. తనిఖీకి వచ్చేవారు ఆ మాత్రం లెక్క కట్టలేరా? ఒకసారి దొరికితే తరువాత మీరు చెప్పే నిజాలకూ విలువ ఉండదు. ప్రత్యేక అనుమతి ఇచ్చేవారు చూసేది ముఖ్యంగా మీ మాట మీద నమ్మకం కుదురుతుందా లేదా అనే. బర్డ్ ఫ్లూ ఆంక్షలున్న రోజుల్లో కోళ్లను అటూ ఇటూ తిప్పడమే మరో నేరం కావచ్చు.

మీవారిది పిరికితనమని రాశారు, నేను అలా అనుకోను. ఎంత దూరం వెళతారో, ఎంత ఖర్చుపెడతారో మీ ఇద్దరూ ఇప్పుడే ఒక గీత గీసుకోండి. నిబంధన పాఠం చదివి, ఒక్క అప్పీలో ఒక్క దరఖాస్తో వేసి, అక్కడితో ఆగుదాం అంటే ఆయన ఒప్పుకోవచ్చు. న్యాయవాదిని పెట్టుకోవాలా అన్నది పాఠం చదివాక తేల్చండి. స్పష్టమైన నిషేధం ఉన్నచోట ఆ ఖర్చు వృథా, నిర్వచనం అస్పష్టంగా ఉంటే ఒక్కసారి సలహా తీసుకోవడం దండగ కాదు.

బాబుకు ఈ విషయమంతా చెప్పండి, ఓడిపోవచ్చన్న సంగతితో సహా. తాతగారు కోళ్లను తీసేయించారని వాడు అనుకుంటున్నాడు. నోటీసు ఇచ్చింది నిబంధన, ఆయన అడిగింది నిద్ర, ఈ తేడా పన్నెండేళ్లవాడికి అర్థమవుతుంది. పుంజు పోతే గుడ్లు రావేమోనని వాడు బెంగపడ్డాడని రాశారు. కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ మాట లాంటిదే అది. పుంజు లేకపోయినా పెట్టలు గుడ్లు పెడతాయి, అవి పొదిగినా పిల్లలు కావు, అంతే. పెద్దాయన దగ్గరికి వెళ్లేటప్పుడు వాడిని వెంట రమ్మని బలవంతం చేయకండి. తనంతట వస్తానంటే తీసుకెళ్లండి.

ఏ దారీ కుదరక పంపేయవలసి వస్తే ఆరింటినీ ఒకేచోటికి పంపే ప్రయత్నం చేయండి. కోళ్లలో ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న వరుస ఉంటుంది, నార్వే శాస్త్రవేత్త షెల్డెరుప్ ఎబ్బే 1920ల మొదట్లోనే దాన్ని వర్ణించారు. కొత్త గుంపులో ఒంటరిగా పడిన పెట్టను మిగతావి పొడిచి చంపిన సందర్భాలూ ఉంటాయి. కొన్నాళ్లు విడిగా, ఒకదానికొకటి కనిపించేలా ఉంచి ఆ తరువాత కలపాలి. పుంజును తీసుకున్న బంధువులనే ముందు అడగండి.

రేపే మూడు పనులు పెట్టుకోండి: నిబంధన పాఠానికి దరఖాస్తు, అప్పీలు గడువు ఎప్పటిదాకా ఉందన్న ప్రశ్న, తొలగింపునకు మరికొంత సమయం కోరుతూ ఒక ఉత్తరం. సమయం ఇవ్వకపోతే పెట్టలను మీ చెల్లెలింటికే పంపండి. ఈసారి దాచిపెట్టి కాదు, తీర్పు వచ్చేదాకా ఫలానా చోట ఉంచామని కార్యాలయానికి రాసిచ్చి మరీ పంపండి. కాకపోతే ఆమె ఇల్లు ఏ పురపాలక సంఘం కిందికి వస్తుందో, అక్కడి నిబంధన కోళ్ల గురించి ఏమంటుందో ముందే కనుక్కోండి.